రెండు తాళాలకూ ఒకే చెవి

ఈ పొద్దున రూటర్ మీద పచ్చదీపం ఒకసారి ఆరి, మళ్లీ వెలిగింది. అప్పటినుంచి నేను కుర్చీలోంచి లేవలేదు.

జీతంలో మిగిల్చిందంతా పెట్టి కొన్న నా బిట్‌కాయిన్‌కి, మార్పిడి కోసం, తాళం పడింది. దానికి మారుగా, నాతో బేరం కుదుర్చుకున్నవాడు ఇవ్వాల్సిన ఈథర్ అనే మరో డిజిటల్ నాణెం వేరే బ్లాక్‌చెయిన్‌లో, అంటే వేరే లెక్కల పుస్తకంలో, వేరే తాళం కింద ఉంది. మధ్యవర్తి లేడు. రెండు తాళాలకూ ఒకటే రహస్య సంకేతం, అది వాడి దగ్గరుంది. దాంతో వాడు నాది తీసుకోగానే ఆ సంకేతం నాకూ కనిపిస్తుంది. గడువులోగా నేను వాడిది తీసుకోవాలి, లేకపోతే అది తిరిగి వాడికే వెళ్లిపోతుంది. ఆ కాసేపూ నెట్ లేకపోతే రెండూ వాడివే.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

“ఇంకా తీసుకోలేదా వాడు?”

“లేదమ్మా. చివరిదాకా నా ప్రాణం తీసేలా ఉన్నాడు.”

“అంత అనుమానమైతే వాడితో బేరమెందుకే?”

“ఇందులో ఒకర్నొకరు నమ్మక్కర్లేదు. అందుకే.”

“బాగుంది సంబడం!”

తెర కదిలింది. వాడు నా బిట్‌కాయిన్ తీసేసుకున్నాడు. సంకేతం కనిపించింది. దాన్ని పెట్టి నొక్కాను. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. రూటర్ వైపు చూశాను.

ఈథర్ నా ఖాతాలోకి వచ్చింది.

“అయిందా? ఇప్పుడైనా ఇద్దరూ తినడానికి రండి,” అంటూ అమ్మ వెళ్లి పక్కగది తలుపు తట్టింది.

ఆ గది మా తమ్ముడిది.