తూకానికి దిగిన మనిషి

"అక్కా, ఈ పెట్టె ఎక్కితే మీలో ఒకరు దిగాల్సిందే" అన్నాడు విమానం దగ్గర తూకం చూసే బెన్నీ, ముల్లు చూపిస్తూ.

మొలొకై దీవి నుంచి హొనొలులు నగరానికి వెళ్ళే బుల్లి విమానం అది. సామాన్లతో పాటు మనుషుల్నీ తూచి మరీ ఎక్కిస్తారు.

కానోయె పెట్టెను రెండు చేతులా పట్టుకుంది. దాని నిండా ఎండుచేపలు, చిలగడదుంపలు, ఊరి రొట్టెలు.

"ఇక్కడ వదిలెయ్. సాయంత్రం విమానంలో పంపిస్తా."

"ఎవరి గడప తొక్కుతున్నామో తెలుసా బెన్నీ? మా తమ్ముడికి ప్రాణం పొయ్యబోయే వాళ్ళ గడప! వట్టి చేతులతో వెళ్తే మా అమ్మ కలలోకొచ్చి చెంప పగలగొడుతుంది."

ఆ దీవిలో ఆ మాటకు ఎదురు చెప్పే మొనగాడు లేడు.

తమ్ముడు కైపో మత్తుమందుకు బానిసై ఏళ్ళయింది. పోయిన నెల స్నానాల గదిలో పడి ఉంటే, చచ్చిపోయాడనే అనుకుంది. దీవిలో ఆ జబ్బుకు వైద్యం లేదు. హొనొలులులోని చికిత్సా కేంద్రానికి నెలల తరబడి ఫోన్లు చేసింది. మంచం ఖాళీ లేదు, లేదు, లేదు! చివరికి నిన్న "ఉంది, రండి" అన్నారు. మధ్యాహ్నం పన్నెండు లోగా చేరాలి. చేరకపోతే ఆ మంచం వరసలో ఉన్న తర్వాతి మనిషికి వెళ్ళిపోతుంది. ఈ విమానం తప్పితే మళ్ళీ సాయంత్రమే.

అంతలో వెనక నుంచి నవ్వు వినిపించింది.

కైపో నవ్వు! ఎన్నాళ్ళయిందో విని.

బల్ల మీద తమ్ముడి పక్కన ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఊదితే ఎగిరిపోయేలా ఉన్నాడు. పసుపెక్కిన కళ్ళు, గడగడ వణికే చేతులు. ఆ చెయ్యి ఒకటి తమ్ముడి భుజం మీద ఉంది.

కానోయెకు ఒళ్ళు మండింది.

"అంకుల్, లేచి అవతల కూర్చో. మావాణ్ణి బాగు చేయించడానికి తీసుకెళ్తున్నా. తాగుబోతు స్నేహాలు వాడికొద్దు."

"ఊరికే మాట్లాడుతున్నానమ్మా."

"పొద్దున్నే చేతులలా వణుకుతున్నాయి. ఎంత పట్టించావేంటి?"

"చుక్క ముట్టలేదు తల్లీ."

"ఆఁ, పిల్లి కూడా కళ్ళు మూసుకునే తాగుతుంది పాలు!"

ముసలాయన ఏమీ అనుకోకుండా నవ్వేసి, కాస్త దూరంగా జరిగాడు.

బెన్నీ మళ్ళీ అరిచాడు. "ఎవరో ఒకరు తేల్చండి! విమానం వెళ్ళిపోతుంది!"

కైపో చటాక్కున లేచాడు. "నేను ఆగిపోతానక్కా. ఇంకోసారి వెళ్దాంలే."

వాడు వెతుకుతున్నది ఆ సాకే. ఇప్పుడు వెనక్కి తిరిగితే మళ్ళీ దొరకడు.

"నేను దిగుతాను" అన్నాడు ముసలాయన.

"హైరమ్ అంకుల్! మీరెలా దిగుతారు, మీకు కూడా అక్కడ..."

"ఊరుకో బెన్నీ. కుర్రాడు ఎక్కాలి."

"పోనీలే" అంది కానోయె, పెట్టె ముందుకు తోస్తూ. "అక్కడికి వెళ్ళి తాగే బదులు ఇక్కడే తాగు. టికెట్టన్నా మిగులుతుంది."

ముసలాయన తలూపాడు. కైపో వైపు తిరిగి, "వెనక్కి చూడకు బిడ్డా" అన్నాడు.

పన్నెండు కాకముందే చేరారు.

చికిత్సా కేంద్రం గుమ్మంలో, అక్కడ చేర్చుకునే పని చూసే వైలానీ ఆంటీ నిలబడి ఉంది. ఆమె చేతి మీద రెండు పూలదండలు ఉన్నాయి. ఒకటి కైపో మెడలో వేసి, బిడ్డను హత్తుకున్నట్టు హత్తుకుంది. తర్వాత వాళ్ళ వెనక్కి తొంగి చూసింది.

"రెండో ఆయనేడీ?"

"రెండో ఆయనెవరు ఆంటీ?"

"మీ దీవి మనిషే. ఇవాళ రెండు మంచాలు ఖాళీ అయ్యాయి. ఇద్దరూ ఒకే విమానంలో వస్తారనుకున్నాం. సన్నగా ఉంటాడు, పేరు హైరమ్. మొన్నటి నుంచి తాగుడు ఆపేశాడట. అందుకే చేతులు తెగ వణుకుతున్నాయని చెప్పాడు పాపం."

కానోయె చేతిలోని పెట్టె నేల మీద పడింది.

ఒక మనిషిని దించి, ఆ బరువుకు ఎండుచేపలు ఎక్కించుకొచ్చింది తను! దించడమే కాదు, ఎంత మాటంది!

"కాలేయం పూర్తిగా పాడైపోయింది. ఈసారి కుదరకపోతే మళ్ళీ వంతు వచ్చేదాకా ఉండడన్నారు డాక్టర్లు" అంది ఆంటీ, గడియారం వైపు చూస్తూ.

"వస్తాడు ఆంటీ! సాయంత్రం విమానంలో వస్తాడు! నా తప్పే, నా వల్లే ఆగిపోయాడు. కాళ్ళు పట్టుకుంటా, ఆ మంచం ఎవరికీ ఇవ్వకండి!"

"నా చేతిలో ఏముంది తల్లీ? అవతల ఇంకో తల్లి బిడ్డను పెట్టుకుని బయట కూర్చుంది."

లోపల ఫోన్ మోగింది. ఆంటీ వెళ్ళింది. మాట్లాడి వచ్చి, చేతి మీద మిగిలిన పూలదండను చూసుకుంది.

"ఆయనేనా?" అంది కానోయె. "పన్నెండు దాటితే పోతుందని ఆయనకి తెలియదేమో ఆంటీ. చెప్పారా?"

"తెలియకేమమ్మా" అంది ఆంటీ. "'కుర్రాడు చేరాడా?' అని అడిగాడు, చేరాడన్నాను, 'అయితే నా మంచం ఆ తర్వాతి వాళ్ళకి ఇచ్చెయ్యండి' అని పెట్టేశాడు."