తీగబండి

"తీగబండి ఏందే సరళా? ట్రాము అంటే ట్రామే. రైలును రైలు అంటాండాము కదా?"

ఆ వారంలో లక్ష్మీపతి ఈ మాట అనడం నాలుగోసారి. సరళ కంప్యూటర్ ముందు నుంచి తల తిప్పలేదు.

"మా ఊర్లో అట్లే అంటారు."

"మీ ఊర్లోనా!" చిలమత్తూరు దాటి ఇంకా మూడు మైళ్లు నడవాల్సిన అత్తగారి ఊరిని తలచుకుని ఆయన నవ్వాడు. "మీ ఊరికి బస్సు రావడమే గొప్ప. ట్రాము ఎవుడు సూసినాడని పేరు పెట్టేకి?"

కూతురు చౌడేశ్వరి పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది.

అసలు గొడవ ఫోను దగ్గర మొదలైంది. నెట్ పెడితే ఆ ఇంట్లో ఫోను పనిచేయదు. ఎత్తితే చెవిలో గీమని రొద. సరళ తల్లి తిప్పమ్మ పొద్దస్తమానం ఆ ఫోను పక్కనే పీట వేసుకుని కూర్చుంటుంది.

"ఆ వైరు పీకేయ్ పాపా," అంది తిప్పమ్మ. "ఓబుళేసు ఫోను చేస్తే ఎట్ల?"

ఓబుళేసు ఆమె కొడుకు. సరళకు తమ్ముడు. శెనక్కాయ పంట నిలువునా ఎండిన ఏడాది నాయనతో మాటామాటా పెరిగి ఇల్లు విడిచాడు. పదకొండేళ్లయింది. ఒక్క ఉత్తరం లేదు. వాడు ఫోను చేయడని తిప్పమ్మకు ఇంట్లో అందరూ చెప్పి చూశారు. చెప్పి చెప్పి మానేశారు.

"కొంచేపు ఉండుమా," అంది సరళ.

"కన్నతల్లి కంటే నీకు ఆ ట్రామే ఎక్కువైపాయ," అన్నాడు లక్ష్మీపతి.

సరళ పెళ్లిపత్రికలు వేసే ప్రెస్సులో తెలుగు టైపు చేస్తుంది. నెట్‌లో తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటి ఉందనీ, అందులో ఎవరైనా రాయవచ్చనీ అక్కడే తెలిసింది. ఏ వంటల గురించో రాస్తుందనుకున్నారు ఇంట్లో. ఆమె 'కలకత్తా తీగబండి' అని మొదలుపెట్టింది. ఎప్పుడు వేశారు, ఏ దారుల్లో నడుస్తుంది, పైనున్న తీగ నుంచి కరెంటు ఎట్లా దిగుతుంది, అన్నీ ఇంగ్లీషులో చదివి ఏరి రాసింది. వ్యాసం బాగుందని అక్కడివాళ్లు మెచ్చుకున్నారు. పేరే ఒప్పుకోలేదు.

అక్కడి నిర్వాహకుడు దాన్ని 'కోల్‌కతా ట్రాము వ్యవస్థ' అని మార్చాడు. సరళ పాత పేరు పెట్టింది. ఆయన మళ్లీ మార్చాడు. ఆమె మళ్లీ పెట్టింది. చివరికి ఆయన ఆ వ్యాసానికి జతగా ఉండే చర్చ పేజీలో మర్యాదగానే రాశాడు.

"సరళ గారూ, 'తీగబండి' అనే మాట ఏ నిఘంటువులోనూ లేదు. శుక్రవారం సాయంత్రంలోగా ఆధారం చూపండి. లేకపోతే పేరులోంచే కాదు, వ్యాసంలోంచి కూడా తీసేస్తాం."

"లైబ్రరీకి పోయి పాత పుస్తకాలు సూడరాదా మా?" అంది చౌడేశ్వరి.

"సూస్తాలే."

చూడలేదు. ఇంట్లోనే అటూ ఇటూ తిరిగింది. సంగటి అడుగంటింది. కరెంటు పోతే వాకిట్లో నిలబడి స్తంభం వంక చూసింది. వస్తే తడిచేతులతోనే కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తింది. ప్రెస్సులో ఒక పెళ్లిపత్రిక మీద వరుడి చోట వధువు పేరు పడింది. ఓనరు సోమప్ప తల కొట్టుకున్నాడు.

ఇంకొక్క వారం ఆగండి, ఈ మాట తెలిసినవాళ్లు చూస్తారు అని రాసింది. నిర్వాహకుడు ఆగనన్నాడు.

శుక్రవారం పొద్దున్నుంచీ కరెంటు లేదు. మధ్యాహ్నం రెండున్నరకు వచ్చింది. చర్చ పేజీ పై నుంచి కిందికి ఒక్కొక్క గీతే తెరుచుకుంది. అన్నిటికంటే అడుగున కొత్తగా రెండు మూడు ముక్కలు. రాసినవాడి పేరు లేదు. సంతకం చోట వట్టి అంకెలు.

"తీసేయొద్దండి. మా ఊర్లో తీగబండి అనే అంటారు. నేను దినామూ కలకత్తాలో గరియాహాట్ కాడ ఎక్కి పనికి పోయేది దీంట్లోనే."

"మా, గెలిస్తివి!" చౌడేశ్వరి చప్పట్లు కొట్టింది.

లక్ష్మీపతి కళ్లజోడు పెట్టుకుని వంగి చదివాడు. "నీకు జతగా ఇంగో పిచ్చోడు దొరికినాడు. పండగ సేసుకోండి."

గంట తర్వాత నిర్వాహకుడు కూడా దిగివచ్చాడు. ఇద్దరు చెబుతున్నారు కాబట్టి ప్రస్తుతానికి మాటను ఉంచుతున్నాం అని రాశాడు. సరళ అది చదవనే లేదు. అప్పటికే నెట్ ఆపేసి వైరును ఫోనుకు తగిలించింది. తల్లి పీట పక్కన కటిక నేల మీద కూర్చుంది. సరళ అంతసేపు ఊరికే కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు.

సాయంత్రం అందరూ బొరుగులు తింటుండగా చెప్పింది.

"రేపు నేనూ అమ్మా గుంతకల్లుకు పోయి కలకత్తా రైలెక్కుతాండాము."

లక్ష్మీపతి పిడికిలి నోటి దగ్గరే ఆగిపోయింది. "ఒక మాట నిలబడిందని కలకత్తాకా? ఆ మాట అనేటోళ్లు కావాలంటే మీ ఊర్లోనే ఊరంతా ఉండారు కదే!"

"మా ఊర్లో ఆ మాట ఎవురూ అనరు," అంది సరళ తల్లి చెయ్యి పట్టుకుని, "చిన్నప్పుడు గోడమీద క్యాలెండర్లో కలకత్తా ట్రాము బొమ్మ సూసి నేనూ ఓబుళేసూ ఇద్దరమే పెట్టుకున్న పేరు అది."