ఎడమ ప్రొపెల్లర్

“పరీక్ష అయిపోయిందిగా, ఇక దిగనా?” అంటూ పెద్ద కెప్టెన్ భుజం మీది బెల్టు విప్పబోయాడు.

“ఇంకొక్కటి మిగిలింది సార్. కూర్చోండి,” అంది వెనక మీటల బల్ల ముందున్న శిక్షకురాలు.

నిజానికి ఏమీ మిగల్లేదు. లైసెన్సు నిలబెట్టుకోవడానికి పైలట్లు ఏటా సిమ్యులేటర్‌లో ఇచ్చే పరీక్షను ఆయన అరగంట కిందటే సునాయాసంగా గట్టెక్కాడు. ఇనప కాళ్ళ మీద నిలబెట్టిన ఆ డబ్బా గదిలో ఇప్పుడు ఉన్నది వాళ్ళిద్దరే. ఇన్నేళ్ళూ ఏదో వంక పెట్టి ఇంకెక్కడో పరీక్ష ఇచ్చి వస్తూ తప్పించుకు తిరిగిన మనిషి, ఈ ఏడు వేరే దారి లేక ఆమె చేతికి చిక్కాడు. ఈ మధ్యాహ్నం కోసం ఆమె ఏడేళ్ళుగా పళ్ళు నూరుతూ కూర్చుంది.

ఆమె భర్త కూడా కెప్టెనే. రెండు ప్రొపెల్లర్ల సరుకు విమానాన్ని ఒంటరిగా నడుపుతూ కొండను గుద్దుకుని పోయాడు. ఎడమ ప్రొపెల్లర్ అదుపు తప్పింది. విచారణ జరిపి నివేదిక రాసింది ఈ పెద్దమనిషే. మొదటి పది సెకన్లలో వేగం తగ్గించి ఉంటే విమానం దక్కేదనీ, తప్పు పైలట్‌దేననీ తేల్చేశాడు. ఆ మాట విన్న రోజున మంచం పట్టిన అత్తగారు మళ్ళీ లేవలేదు. బడిలో ఆమె కొడుక్కి ‘విమానం కూల్చినవాడి కొడుకు’ అని పేరు పడింది. ఆమె కడుపుమంట చల్లారకపోవడంలో వింతేముంది?

పైగా ప్రొపెల్లర్ల సంగతి ఆమెకు కొట్టిన పిండి. భర్త పోయాక ఈ ఉద్యోగంలోకి మారిందిగానీ, అంతకుముందు ఎనిమిదేళ్ళు ఆ విమానాలు బాగుచేసే వర్క్‌షాపులోనే గవర్నర్లు విప్పి బిగించింది. విమానం పైకెక్కినా కిందికి దిగినా, వేగం పెరిగినా తగ్గినా, ప్రొపెల్లర్ రెక్కల వాలు మారుస్తూ దాన్ని ఒకే తీరున తిప్పించే పరికరమే గవర్నర్. “విమానానికి గవర్నర్లు ఇద్దరు, మా ఇంటికి ఒక్కరే,” అని ఆమె వైపు చూపించి భర్త నలుగురినీ నవ్వించేవాడు. అంత సరదా మనిషిని చేతగానివాడని కాగితాలకెక్కిస్తే ఆమె ఊరుకోగలదా?

ప్రమాదం జరిగిన రోజు లెక్కలన్నీ ఆమెకు నోటికి వచ్చు. బల్ల మీద ఒక్కొక్కటే నొక్కింది.

“పదకొండు వేల అడుగులు సార్. రెక్కల మీద మంచు పేరుకుంటోంది.”

కెప్టెన్ తల తిప్పి ఆమె వంక ఒకసారి చూశాడు. మళ్ళీ ముందుకు తిరిగాడు.

ఎడమ ప్రొపెల్లర్ చెవులు చిల్లులు పడేలా అరిచింది. దాని వేగం చూపే సూది ఎర్రగీత దాటింది. ఆయన చెయ్యి తడబడకుండా ఇంజను జోరు తగ్గించి విమానం ముక్కు పైకెత్తింది. సూది కాస్త దిగింది, కానీ మంచు బరువుతో విమానం గజగజ వణికి జారిపోసాగింది. ముక్కు దించితే ఎదురుగాలి ప్రొపెల్లర్‌ను మళ్ళీ రెచ్చగొట్టింది. నెమ్మదిస్తే విమానం నిలవదు, జోరు పెంచితే ప్రొపెల్లర్ ఆగదు. దాన్ని పూర్తిగా ఆపేసే మీట నొక్కాడు. అదీ పలకలేదు. అద్దంలో కొండ పెద్దదై, గది ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

ఆయనకు ముచ్చెమటలు పట్టడం ఆమె కళ్ళారా చూసింది.

“ఎన్నో సెకనులో వేగం తగ్గించారు?”

“నాలుగు.”

“మా ఆయనకు పది ఇచ్చారు మీరు. మీరు నాలుగుకే తగ్గించినా దింపలేకపోయారు. ఇదంతా రికార్డయింది సార్. రేపు అధికారుల ముందు పెడతాను. ఆ తర్వాత మీరు తలెత్తుకుని ఎలా తిరుగుతారో చూస్తాను.”

“పెట్టమ్మా,” అన్నాడాయన. “అప్పట్లో ఇదే పరీక్ష నేను ముప్పైసార్లు చేసుకున్నాను. ఒక్కసారీ దింపలేకపోయాను.”

మిగతాది కూడా ఆయనే చెప్పుకొచ్చాడు. శిథిలాల్లో గవర్నర్ దొరికిందట. బాగుచేసినప్పుడు లోపలి స్ప్రింగును తిరగేసి బిగించారట. ఉన్నదున్నట్టు రాస్తే ఆ బిగించిన మనిషికి జైలు తప్పేది కాదట.

“అందుకని చచ్చిపోయినవాడి మీదికి తోసేశారా? అవతల పసిబిడ్డలున్నారని జాలి పడ్డారేమో.”

“ఉన్నాడు, ఒక్కడు.”

ఆ జాలి తన కొడుకు మీద ఏమైందని నిలదీసింది. ఆయన బెల్టు విప్పుకుని లేవబోయాడు. ఆమెకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. అధికారులూ, రికార్డూ అన్నీ వెనక్కిపోయాయి. ఇప్పుడు ఆమెకు కావలసింది ఒక్క పేరు.

“వాడెవడో చెప్పండి. వాడి గుమ్మం ముందు నిలబడి, నా మొగుణ్ణి చంపింది వీడేనని వాడి కన్నబిడ్డ వినేలా చెప్తాను.”

“వద్దు తల్లీ. కావాలంటే నా లైసెన్సు పీకించు. పరువు తియ్యి. పేరు మాత్రం అడక్కు.”

ఆమె లేచి వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడింది.

“బిగించినవాళ్ళ సంతకం లేకుండా ఏ గవర్నరూ వర్క్‌షాపు గడప దాటదు. ఆ కాగితం మీరు చూసే ఉంటారు. సంతకం ఎవరిది సార్?”

ఆయన ఆమె ముఖంలోకి చూసి తల దించుకున్నాడు.

“నీదేనమ్మా.”