బూజుకర్ర

ఠక్... ఠక్... ఠక్.

కింది గదిలోంచి ఎవరో కర్రతో దూలాన్ని పొడుస్తున్నారు.

రూతు చేతిలోని చాట అక్కడే పడేసింది.

"కూసోండ్రి! కదిలిన్రంటే కాళ్లిరగ్గొడ్త!"

తొక్కుడుబిళ్ల ఆడుతున్న ముగ్గురు పిల్లలూ ఎక్కడివాళ్లక్కడ చతికిలబడ్డారు.

కాసేపటికే మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఇంటి యజమాని సారంగపాణి గడపలో నిలబడి గదంతా కలియజూశాడు.

"అంత మంచిదేనా రూతమ్మా?"

"మంచిదే సారూ."

ఆయన తలూపి దిగిపోయాడు. రూతు పడేసిన చాట మళ్లీ అందుకుంది.

అరవైల మొదట్లో మాట. ఒక్క కప్పు కింద నాలుగు కుటుంబాలుండే ఇలాంటి మేడలు హనుమకొండలో అప్పుడప్పుడే లేస్తున్నాయి. కిరాయికి అడగబోతే ఉద్యోగమేమిటని ఎవరూ అడగరు. "పిల్లలెందరు?" అని అడుగుతారు. ముగ్గురనగానే తలుపు సగం మూసేస్తారు. పిల్లల్ని కాదు, గొర్రెల మందను తోలుకొచ్చినట్టు చూస్తారు.

పోనీ ఊళ్లో మెచ్చుకున్నారా అంటే అదీ లేదు. "వాకిలి లేని కొంపల పిల్లల్ని సాదుతరా? కోళ్లగంప కింద మూసినట్టు!" అని అత్త మార్తమ్మ మూతి తిప్పింది.

పౌలుకు డోర్నకల్ రైల్వేలో పని. ఆదివారాలే ఇంటికొస్తాడు. పిల్లల బడి మాత్రం ఇక్కడే. ఈ ఇల్లు పోతే బడి పోయినట్టే, ఊరికెళ్లి మేకల వెంట తిరగాల్సిందే.

సారంగపాణి పెట్టిన షరతు ఒక్కటే. "పిల్లల లొల్లి నా చెవుల పడ్డనాడు ఖాళీ చెయ్యాలె." ఆయన ఉండేది హసన్‌పర్తిలో. ఎప్పుడొచ్చి పడతాడో ఎవరికీ తెలియదు.

కింది గదిలో ఉండేది ఆయన మేనత్త కట్టమ్మ. పిల్లాజెల్లా లేరు. మేనల్లుడు పెట్టింది తిని, గేటు వైపు కిటికీ దగ్గర కూర్చుని దూదివత్తులు చేసుకుంటుంది. ఎవరితోనూ మాట కలపదు. పైన పిల్లలు గెంతితే బూజుకర్ర అందుకుంటుంది.

"ఆమెనే సారుకు చెప్పి పిలిపిస్తాంది వదినా!" అంది ఎదురు వాటా శకుంతల, పిల్లల చేతుల్లో బెల్లం ముక్కలు పెడుతూ. "కట్టె చప్పుడైతది, ఎనుకనే సారు వస్తడు. జర ఆలోచించు."

రూతు ఆలోచించింది. నిజమే, ప్రతిసారీ అంతే.

ఒకరోజు చిన్నది జ్వరం నుంచి లేచి, మొదటిసారి గదిలో ఇటునుంచి అటు పరుగెత్తింది. రూతు కళ్లారా చూసుకునేలోగానే ఠక్... ఠక్... ఠక్. వెనకే సారంగపాణి.

ఆయన గేటు దాటాక రూతు దబదబా మెట్లు దిగింది.

"ఏమవ్వా, మా పిల్లల కాళ్లు కట్టేసుకోవాల్నా? నీ కడుపున ఒక్కరు పుట్టినా తెలుస్తుండె. గొడ్రాలివి, నీకేం ఎరుక?"

కట్టమ్మ చేతిలో వత్తి ఆగిపోయింది. ఏదో చెప్పబోయి, గేటు వైపు చూసి, మింగేసింది.

"ఇగ కొట్టను బిడ్డా."

పైనుంచి శకుంతల నవ్వింది. "మంచిగ అడిగినవ్ వదినా!"

ఆ తర్వాత కర్ర చప్పుడు లేదు. ఇల్లు ఇప్పుడు తనదైనట్టు అనిపించింది రూతుకు. పిల్లలు నడుములు పట్టుకుని గది గదికీ రైలు నడిపారు. ఆమె కూడా నవ్వుతూ కూత పెట్టింది.

తలుపు తోసుకుని సారంగపాణి నిలబడ్డాడు.

"శకుంతల ఎన్నిమాట్లు చెప్పిందో! ఆమె తమ్మునికి ఈ వాటా కావాలె, అందుకే చెప్తాందనుకున్న. ఎప్పుడొచ్చి చూసినా మీ పిల్లలు ప్రార్థనల కూసున్నట్టే ఉండిరి. ఇయ్యాల నా కండ్లతోని చూసిన. ఖాళీ చెయ్యుండ్రి."

రూతు ఎదురు వాటా వైపు చూసింది. ఎప్పుడూ బార్లా తెరిచి ఉండే ఆ తలుపు మెల్లగా మూసుకుంది. లోపల గొళ్లెం పడింది.

బెల్లం పెట్టిన చేయి. వదినా అని పిలిచిన నోరు. నమ్మించి గొంతు కోసింది. ఆ మంటలో రూతుకు మరే ఆలోచనా రాలేదు.

ఖాళీ చేసే రోజు పౌలు సామాన్లు బండికెక్కించి తాళ్లు బిగిస్తున్నాడు. రూతు ఆఖరి మూట చంకన పెట్టుకుని కిటికీ రెక్క మూయబోయింది. ఖాళీ గదిలో తమ గొంతులు తిరిగి వినబడుతుంటే పిల్లలకు సరదా పుట్టి గెంతడం మొదలుపెట్టారు.

ఠక్... ఠక్... ఠక్.

పిల్లలు గభాల్న చతికిలబడ్డారు.

ఇన్నాళ్లూ ఆ చప్పుడు వినగానే పిల్లల్ని అదిమి కూర్చోబెట్టడమే తప్ప, రూతు ఏనాడూ కిటికీలోంచి బయటికి చూసింది లేదు. ఇవాళ చూసింది.

సారంగపాణి అప్పుడే రిక్షా దిగి గేటు మీద చేయి వేస్తున్నాడు. కింద కట్టమ్మ ఇంకా కొడుతూనే ఉంది.