సైదమ్మ ఎంచిన గుట్ట

“లే అవ్వా! అడ్డం లే!”

దేవ్‌సింగ్ అరుపుకు పెద్దగుట్ట మీద వాలిన కాకులు లేచిపోయాయి. సైదమ్మ మాత్రం లేవలేదు. జారే దారికి సరిగ్గా నడుమ కాళ్లు చాపుకుని కూర్చుంది.

“లేవ. నా మీదికెల్లి పొమ్మను.”

గుట్ట పైన ఆమె మనవరాలు మధులత నిలబడి ఉంది. పదమూడేళ్ల పిల్ల. కాళ్లకు మంచు మీద జారే స్కీల్లా కట్టిన రెండు వెదురు బద్దలు. నున్నగా గీకి, అడుగున ఇప్పనూనె పట్టించి దేవ్‌సింగ్ తన చేతులతో చేసిచ్చిన బద్దలవి. ఈ అడవి అంచున మంచు ఎక్కడిది? బొగ్గు కోసం ఊరు ఖాళీ చేయించారు. నేల తవ్వి, ఆ మట్టిని గుట్టలుగా పోసి వదిలేశారు. వానలకు బంకమట్టి కొట్టుకుపోయి పైన ఇసుక తేలింది. ఆ ఇసుకే వీళ్లకు మంచు.

దేవ్‌సింగ్ హైస్కూల్లో వ్యాయామం మాస్టరు. చండ్రుగొండ నుంచి బదిలీ మీద వచ్చి ఏడాది కాలేదు. కాలేజీ రోజుల్లో ఒకసారి మనాలి వెళ్లి స్కీయింగ్ నేర్చుకున్నాడు. ఆ పిచ్చి ఇంకా వదల్లేదు. వచ్చే ఆదివారం హైదరాబాద్ నుంచి సెలక్షన్ వాళ్లు వస్తున్నారు. పిల్ల నచ్చితే చలికాలం మనాలి శిబిరానికి తీసుకుపోతారు. పరీక్ష పెద్దగుట్ట మీదే. మధులత ఇంతవరకు ఆ గుట్ట ఒక్కసారీ పూర్తిగా దిగలేదు. దిగనిస్తే కదా ఈ ముసలమ్మ!

నేర్చుకునే పిల్లకు వాలు ఎంచడమే సగం చదువు. మొదట తనంతట తాను ఆగగలిగే వాలు కావాలి. కాళ్లు కుదిరాక కాస్త భయపెట్టే వాలు కావాలి. భయం పోయిన చోటే ఉంచితే పిల్ల అక్కడే ఆగిపోతుంది. చిన్నగుట్ట మధులతకు ఎప్పుడో ఇరుకైపోయింది. ఇప్పుడు పాట పాడుకుంటూ దిగుతోంది.

సైదమ్మకు మాత్రం చిన్నగుట్టే కావాలి.

పెద్దగుట్ట మీద తుమ్మముళ్లు అంది. ఏరించాడు. వాన కోసిన గండ్లు అంది. పూడ్పించాడు. పాములంది.

“చిన్నగుట్టకు పాములు రావా? రావొద్దని నువ్వు చెప్పినవా?”

“అవ్, చెప్పి పెట్టిన.”

ఆవిడ తీరు చూస్తే అతనికి అరికాలి మంట నెత్తికెక్కేది. మొదట్లో చిన్నగుట్ట మీద మధులత ఎన్ని పల్టీలు కొట్టిందో! మోచేతులు గీరుకుపోయాయి. ఒకసారి నుదురు చిట్లింది. కింద కూర్చున్న సైదమ్మ కదల్లేదు. ఆకూవక్కా నములుతూ, ఎవరితోనో తగువు పడుతున్నట్టు గొణుక్కుంటూ ఉండిపోయింది. అదే పెద్దగుట్ట ఎక్కితే చాలు, పిల్ల కదలకముందే గుండెలు బాదుకునేది. ఎవరికైనా ఒళ్లు మండదా?

పోయిన నెల చిన్నగుట్ట మీద ఇంకో లారీ మట్టి పోయబోతే, డ్రైవర్‌ను రాళ్లతో రోడ్డు దాకా తరిమింది. ముసలమ్మకు కూడా ఆట మీద మనసు పడిందని ఆ రోజు దేవ్‌సింగ్ మురిసిపోయాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మురిపెం మీద కూడా కోపం వస్తోంది.

“పొల్ల బతుకు ఖరాబు చేస్తున్నవ్ అవ్వా! అది పోతే ఒక్కదానివైతవని నీ భయం. గంతే.”

“పోనియ్! నేనే బస్సెక్కిస్త.” అంది సైదమ్మ. “తల్లి పోయినంక నా చేతుల మీద పెరిగింది. పోయేటోళ్లను సాగనంపుడు నాకు కొత్తనా? మనాలికి పోనియ్, దాని అవతలికి పోనియ్. ఈ గుట్ట మీదికెల్లి మటుకు దిగనియ్య.”

“మనాలిల గుట్టలు దీనికి పదింతలుంటయ్!”

“ఆడ ఏమైతదో నాకు కనపడదు. ఈడ కనపడతది.”

“అమ్మమ్మా, జల్దీ జరుగు!” పైనుంచి మధులత కేక వేసింది.

“దిగినవంటే కాళ్లిరగ్గొడ్త!”

“పడితే అవే ఇరుగుతయ్, దిగితే నువ్వు ఇరగ్గొడ్తవ్. ఏదైతే ఏంది!”

అంటూనే కదిలింది. ఇసుక సర్రున చీలింది. సైదమ్మ కెవ్వుమంది. పిల్ల నడుము వంచి, ఆమెకు జానెడు ఎడంగా ఒరిగి, మళ్లీ నిటారుగా లేచి, గుట్ట అడుగు దాకా జారి ఆగింది. పడలేదు.

సైదమ్మ కూర్చున్నపళంగా ఇసుకలో దేక్కుంటూ కిందికి వచ్చింది. మనవరాలి వీపు మీద ఒక్కటి వేసింది. వెంటనే దాని మోచేతులు, మోకాళ్లు, నుదురు తడిమింది.

“నాకేం కాలే అమ్మమ్మా.”

“నోర్ముయ్.”

దేవ్‌సింగ్ పరుగున దిగి వచ్చాడు. పిల్లను మెచ్చుకుందామనే వచ్చాడు. ముసలమ్మను చూడగానే ఇన్నాళ్లూ మింగిన కోపమంతా ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చింది.

“చూసినవా? పడ్డదా? గింత మంచిగ దిగే పొల్లను ఇన్ని దినాలు చిన్నగుట్టకు కట్టేసినవ్! ఆడ నుదురు పగిలినా లేవకపోతివి. అసలేమున్నది అవ్వా ఆ గుట్టల?”

సైదమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. కొరికేసేలా అతని వంక చూసింది.

“ఆ మట్టి మా పాత ఊరి మనుషులను పూడ్చిన బొందలగడ్డ మీద పోసిండ్రు సారూ, ఆడైతే పొల్ల పడ్డా పట్టుకోనీకి కింద దాని తల్లి ఉన్నది.”