మూల చుక్క

దుప్పటిని రంగు బక్కెట్లో ముంచబోతుంటే వెనక నుంచి ఎవరో "ఆగండమ్మా!" అన్నారు.

ఆవిడ ఉలిక్కిపడింది. చేతిలో కర్ర జారి, వేడివేడి పసుపు నీళ్ళు కాలి మీద చిందాయి.

తిరిగి చూస్తే కింది గదాయన. ఈమధ్యే అద్దెకు దిగాడు. ఎప్పుడు చూసినా గోళ్ళు పసుపురంగులో ఉంటాయని వీధి వీధంతా 'పచ్చగోళ్ళాయన' అని పేరు పెట్టేసింది. కామెర్లని ఒకరు, చుట్టల మరకని ఇంకొకరు. నోరు తెరిచి ఆయన్నే అడిగిన వాళ్ళు మాత్రం లేరు.

"ఏంటండీ, పిల్లిలా మేడెక్కి వచ్చి అరుస్తారు?"

"ఆ మూలన చుక్క ఉంటుంది చూడండి. ముందు దాన్ని దారంతో బిగించి కట్టండి. లేకపోతే రంగులో కలిసిపోతుంది."

నిజమే, దుప్పటి మూలన గుండీ అంత తెల్లచుక్క ఉంది.

"మచ్చ పోతే మంచిదేగా!"

"మచ్చ కాదమ్మా అది. అసలు ఈ రంగు పొట్లాలతో ఆ రంగు రాదు. దానిమ్మ తొక్కలు మరిగించాలి. ఒక్క పూట నాకివ్వండి, నేను..."

అంటూ చెయ్యి చాపాడు. అంతే, ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. దుప్పటిని గుండెకి అదుముకుంది.

ఎందుకు మండదూ! ఆ దుప్పటిని ఇంకొకరు ముట్టుకుంటే ఆవిడ ఓర్చుకోలేదు.

కొన్నేళ్ళ కిందట ఆవిడ భర్త పనికని బయల్దేరి నడివీధిలో కుప్పకూలిపోయాడు. ఎవరో ఆస్పత్రిలో చేర్చారు. ఊరంతా వెతుక్కుంటూ ఆవిడ అక్కడికి చేరేసరికి అంతా అయిపోయింది. వరసగా తెల్లగుడ్డలు. ఆయన ఒక్కడి మీదే లేత పసుపు దుప్పటి. ఇంట్లో నిద్రపోతున్న మనిషికి కప్పినట్టు మెడదాకా సర్ది ఉంది.

"ఎవరు కప్పారమ్మా?" అని అడిగితే, "ఏమో, నేనిప్పుడే డ్యూటీకొచ్చాను" అంది నర్సు.

పోయేటప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా? ఒక్కడే పోయాడా? ఆ ఒక్క సంగతి తెలిస్తే చాలనుకుంటూ ఇన్నేళ్ళూ ఆ దుప్పటే కప్పుకుని పడుకుంది. ఉతికి ఉతికి రంగు వెలిసిపోయింది. ఆ రంగు మళ్ళీ చూడాలని ఆవిడ ఆశ. అంతకు మించి ఆవిడకి ఆశలూ లేవు, అడిగేవాళ్ళూ లేరు.

"మీ పని మీరు చూసుకోండి. ఇంకోసారి మేడెక్కారంటే ఇంటాయనతో చెప్పి గది ఖాళీ చేయిస్తా!"

"అది కాదమ్మా, ఈ దుప్పటి..." అని ఆయన ఆగిపోయాడు. దుప్పటిని అదుముకున్న ఆవిడ చేతుల వంక చూశాడు.

"సర్లెండి. కాలి మీద చన్నీళ్ళు పోసుకోండి, బొబ్బలెక్కుతుంది" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆవిడ పంతంకొద్దీ దుప్పటిని బక్కెట్లోకి తొక్కి పెట్టింది.

ఆరాక చూస్తే ఏముంది! కళ్ళలో పొడిచే పసుపు. ప్లాస్టిక్ మగ్గు రంగు. మూలన చుక్క కూడా లేదు. ఆ రోజు తన మనిషి మీదున్న దుప్పటి కాదిది. కూలబడి ఏడ్చింది. ఆ ఉక్రోషమంతా మళ్ళీ పచ్చగోళ్ళాయన మీదికే పోయింది. ఆ మహానుభావుడు నోరు పెట్టబట్టే ఇలా అయిందని తిట్టుకుంది.

తర్వాత్తర్వాత కింది గదిలోంచి దగ్గు వినిపించసాగింది. మధ్యాహ్నాలు మరీను.

"దగ్గితే దగ్గనీ, నాకేం?" అని కిటికీ మూసుకుంది.

ఒకనాడు దగ్గు ఆగిపోయింది.

హమ్మయ్య అనుకుంది.

మర్నాడు కింద నలుగురూ మూగారు. దిగి వెళ్తే, ఇంటాయన తలుపు పగలగొట్టించాడట, మంచం మీద పచ్చగోళ్ళాయన. ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలీదు. కబురందుకుని వచ్చిన ఆస్పత్రి వార్డు మనిషి ఒకడు కళ్ళు తుడుచుకుంటూ, మంచం కింది పెట్టె బయటికి లాగాడు.

నిండా దుప్పట్లు. అన్నీ లేత పసుపు.

ప్రతి దుప్పటి మూలనా గుండీ అంత తెల్లచుక్క.

ఆవిడ వంగి ఒక చుక్కని వేలితో తడిమింది.

"ఇవి... ఎవరివి?"

"దిక్కులేని వాళ్ళకి కప్పేవమ్మా. ఈయన భార్య మా ఆస్పత్రిలోనే పోయింది, ఈయన వచ్చేలోపే. అప్పట్నుంచీ రోజూ వచ్చేవాడు. తనవాళ్ళెవరూ రాని రోగి కనబడితే చాలు, ప్రాణం పోయేదాకా చెయ్యి పట్టుకుని కూచునేవాడు. తర్వాత తన దుప్పటి కప్పి వెళ్ళేవాడు. పాతవి అడిగి తెచ్చుకుని తనే రంగేసేవాడు."

"మరి... ఆ చుక్క?"

"ఆస్పత్రి గుడ్డల్లో కలిసిపోకుండా గుర్తు. గింజ పెట్టి దారంతో బిగించి రంగులో ముంచుతాడు, అక్కడ రంగంటదు." అతను ఒక దుప్పటి తీసి దులిపాడు. "పైన ఉండేది మీరేనా? పోయేటప్పుడు ఈయన పక్కన ఎవరైనా ఉన్నారామ్మా?"

ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళింది.

అతని చేతిలోని దుప్పటి అందుకుంది. మెడదాకా కప్పి, అంచులు సర్దింది. మంచం పక్కన చతికిలబడి, చల్లబడిపోయిన ఆ పచ్చగోళ్ళ చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుంది.

తన మనిషి ఆఖరిసారి పట్టుకున్న చెయ్యి అదే.