ఎవరూ అంటించని చీటీ

టెస్టు మళ్లీ ఫెయిలైంది. అచ్యుత్‌కు పండగలా ఉంది.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కన, మూడో అంతస్తులో విఠల్‌రావు గారి సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఫైళ్లను నెట్‌వర్క్ మీద ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు చేర్చే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తారు. ఫైలుతో పాటు దానికి అంటించిన కనిపించని చీటీలు, అంటే ఆ ఫైలు గురించి రాసిపెట్టిన చిన్న చిన్న వివరాలు కూడా భద్రంగా చేరాలి. చేరాయో లేదో చూడటం అభిజ్ఞ పని. ఆఫీసులో ఉన్న ఫైళ్లకే రెండేసి చీటీలు అంటించి పంపింది. ఒకటి మాత్రం మూడు చీటీలతో దిగింది.

అచ్యుత్ టీం లీడర్. ఈ సాఫ్ట్‌వేర్‌కు ప్రాణంలాంటి కోడ్‌ను రెండే రోజుల్లో రాసిన మేధావి. అందుకు విఠల్‌రావు గారు శాలువా కప్పారు. ఆ ఫొటో అతని కుర్చీ వెనకే వేలాడుతుంది. చూడనివాళ్లకు తనే పిలిచి చూపిస్తాడు.

అభిజ్ఞ ఉద్యోగం పర్మనెంట్ కావాలంటే అతని సంతకం కావాలి. ఆ సీటునేమో అతను బావమరిదికి ఎప్పుడో ఖాయం చేసేశాడు.

"సార్, మనం పెట్టని చీటీలను పట్టించుకోవద్దని టెస్టుల రాస్త. అందరు గట్లనే చేస్తరు," అంది అభిజ్ఞ.

"ఎవడో తెల్వనోడు ఇంట్లకొస్తే గట్లనే ఊకుంటవా?"

"అది కాదు సార్, ఆ ఫైలు..."

"ఏదైతే ఏంది? అందరి ముంగటనే తెరుద్దాం."

ఆమె మొహం పాలిపోయింది. దొరికింది, ఆ ఫైలు ఈమెదే, అనుకున్నాడు అచ్యుత్. దొంగతనం బయటపడేవాళ్ల మొహం అతను ఇట్టే పసిగట్టగలడు.

గంటలో అందరినీ మీటింగ్ గదిలో కూర్చోబెట్టాడు. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు సొంత డబ్బుతో తెప్పించాడు. ఆ ఆఫీసు చరిత్రలో అంతటి వింత ఎన్నడూ జరగలేదు.

"ఏంది ఈ లొల్లి?" అన్నారు విఠల్‌రావు గారు.

"ఇప్పుడే తెలుస్తది సార్."

"వద్దు సార్. వదిలేద్దాం," అభిజ్ఞ బతిమాలింది.

"చూసిండ్రా సార్, ఎట్ల భయపడుతున్నదో!"

తెర మీద చీటీ తెరుచుకుంది. అందులో ఏదో వెబ్‌సైట్ చిరునామా ఉంది. అచ్యుత్ దాన్ని పూర్తిగా చదవనైనా లేదు.

"గిదేంది? నువ్వే చెప్పు!"

"ఫైలును ఇంటర్నెట్ నుంచి దించుకుంటే, ఎక్కడిదో బ్రౌజరే రాసిపెడ్తది సార్," అంది అభిజ్ఞ మెల్లగా.

"అంటే కొట్టేసిన సరుకు! ఎవరి కోడ్‌నో తెచ్చి తన పేరు పెట్టుకునుడు! సార్, ఇసుంటోళ్లకు మన దగ్గర జాగ ఉండొద్దు."

"నిజమే. ఎవరైనా సరే, ఇయ్యాలే ఆఖరు," అన్నారు విఠల్‌రావు గారు. "ఫైలు పేరు చూపియ్, బిడ్డా."

అభిజ్ఞ తల వంచుకుని మౌస్ కదిపింది. రెండు రోజుల్లో రాసినందుకు అచ్యుత్‌కు శాలువా కప్పించిన ఫైలు పేరు తెర మీదికి వచ్చింది.